పాత కారుకి హెడ్‌లైట్ రిలే వైరింగ్, పెట్రోల్ ఫిల్టర్ మార్పు: రెండూ ఇంట్లోనే చేసుకోవచ్చా?

పాతబండి_మాది:
నమస్తే అందరికీ. మా కారుకి 20 ఏళ్లు దాటాయి. పెట్రోల్ బండి, కార్బురేటర్ కాదు, ఇంజెక్షనే. నాన్న నడిపిన బండి, అమ్మే ఉద్దేశం లేదు, అందుకే చిన్నచిన్న పనులు నేనే నేర్చుకుంటున్నాను. ఇప్పుడు రెండు సమస్యలు పట్టుకున్నాయి.

ఒకటి హెడ్‌లైట్లు. హెచ్4 బల్బులు, 60/55 వాట్లవి (హై బీమ్‌కి 60, డిమ్‌కి 55), కొత్తవే వేశాను, అద్దాలు కూడా పాలిష్ చేశాను, అయినా వెలుగు పసుపుగా, నీరసంగా ఉంది. రాత్రి వాన పడితే రోడ్డు అంచు ఎక్కడుందో కనపడక టెన్షన్ వచ్చేస్తోంది. రెండోది, మామూలుగా బాగానే నడుస్తుంది కానీ ఎత్తు ఎక్కేటప్పుడో ఓవర్‌టేక్ చేసేటప్పుడో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఒక్క క్షణం పికప్ పోయి, రెండు కుదుపులు కుదిపి, మళ్లీ అందుకుంటుంది. ఐడ్లింగ్‌లో ఏ తేడా లేదు. పెట్రోల్ ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు మార్చారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

వచ్చే ఆదివారం రిలే కిట్ (రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి) పెట్టి, 100/90 బల్బులు వేసి, అదే రోజు ఫిల్టర్ కూడా మార్చేద్దామనుకుంటున్నాను. ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదు. బల్బు హోల్డర్‌లో మూడు పిన్నులుంటాయి కదా, డిమ్, హై బీమ్, ఎర్త్ (బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లే దారి). లైట్లు వేసి మల్టీమీటర్ పెడితే ఎర్త్ అనుకున్న పిన్నులోనే 12 వోల్టులు చూపిస్తోంది. ఎర్త్ పాడైనట్టా? మీటర్ నేను తప్పుగా పెడుతున్నానా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

రెంచీ_చేతిలో:
బ్రదర్, ఏదీ కొనకముందు ఒక గంట మీటర్‌తో గడపండి. లైట్లు నీరసించడం, పికప్ తగ్గడం ఈ రెండింటికీ ఒకే మూలం ఉండే అవకాశం ఉంది. ఆల్టర్నేటర్ సరిగ్గా ఛార్జ్ చేయకపోయినా, ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా, బల్బుకీ పెట్రోల్ పంపుకీ రెండింటికీ వోల్టేజీ తగ్గుతుంది, పంపు నీరసంగా తిరిగితే ఇంజిన్‌కి ఎక్కువ పెట్రోల్ కావాల్సినప్పుడే ఆ కొరత బయటపడుతుంది. అప్పుడు మీరు రిలేలు పెట్టినా, ఫిల్టర్ మార్చినా జబ్బు అక్కడే ఉంటుంది.

ఇంజిన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు వేసి, కాస్త రేజ్ చేసి పట్టుకుని బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య చూడండి. 13.8 నుంచి 14.4 దాకా ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టు. తర్వాత బల్బు వెలుగుతుండగానే, హోల్డర్ వెనకవైపు నుంచి ప్రోబులు దూర్చి, బల్బుకి నిజంగా ఎంత అందుతోందో చూడండి. హోల్డర్ పీకేసి చూస్తే లాభం లేదు, లోడ్ లేనప్పుడు తుప్పు పట్టిన వైరు కూడా నిండుగా వోల్టేజీ చూపిస్తుంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. పంపు కనెక్టర్ దగ్గర కూడా అలాగే, పంపు నడుస్తుండగా చూడండి.

100/90 బల్బుల ఆలోచన మాత్రం మానేయండి. పాత స్విచ్చి, పాత వైర్లు 60/55కే అలసిపోయి ఉన్నాయి. రిలేలు పెట్టి వైరింగ్‌ని కాపాడుకున్నా, లోపలి రిఫ్లెక్టరు ఆ వేడికి మాడుతుంది, ప్లాస్టిక్ హోల్డరు కరుగుతుంది. పైగా ఎదుటి బండివాడికి కళ్లు కనపడవు. అందాల్సిన వోల్టేజీ అందితే 60/55 బల్బే చాలు.

తీగముడి:
పై మాటలతో ఏకీభవిస్తున్నాను. మీరు అడిగిన ఎర్త్ పిన్ను సంగతి నేను చెప్తాను, ఎందుకంటే దీని మీద నేను మూడు రోజులు తల పట్టుకున్నాను.

ఎర్త్ తెగిపోయినా అక్కడ 12 వోల్టులు కనిపిస్తాయి, ఫిలమెంట్ గుండా దాటొచ్చిన వోల్టేజీ అది. కానీ అలా ఉంటే బల్బు వెలగదు, లేదా మిణుకుమిణుకుమంటుంది. మీది వెలుగుతోంది కదా. కొన్ని కార్లలో, ముఖ్యంగా చాలా జపాన్ డిజైన్లలో, వైరింగ్ తిరగేసి ఉంటుంది. మనం ఎర్త్ అనుకునే కామన్ పిన్నుకి ప్లస్ వస్తుంది, డిమ్మా హైయ్యా అన్నది స్టీరింగ్ దగ్గరి స్విచ్చి మైనస్ వైపు నిర్ణయిస్తుంది. మీది ఏ రకమో తేల్చడానికి హోల్డరు బల్బు నుంచి పూర్తిగా పీకేయండి, రెండో వైపుది కూడా. లైట్లు ఆన్‌లో పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్‌కి, ఎర్రది ఆ కామన్ పిన్నుకి పెట్టండి. బల్బులు లేకుండానే 12 వస్తే అది ఎర్త్ కాదు, ప్లస్.

ఇది తెలియకుండా కిట్ బిగిస్తే, చాలా కిట్లలో కాయిల్ (రిలేని ఆన్ చేసే తీగచుట్ట) రెండో కొస బాడీకి ఎర్త్ చేసి ఉంటుంది కాబట్టి రిలే అసలు టిక్ అనదు. కిట్ పాడైందనుకుని పడేసినవాళ్లు కూడా ఉన్నారు.

పాతబండి_మాది:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం కూర్చుని అన్నీ కొలిచాను. బ్యాటరీ దగ్గర 13.9. వెలుగుతున్న డిమ్ బల్బు పిన్నుల మధ్య 11.3 మాత్రమే! విడగొట్టి చూస్తే, బ్యాటరీ ప్లస్ నుంచి కామన్ పిన్ను దాకా 0.7 పోతోంది, డిమ్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్ దాకా 1.9 పోతోంది. రెండు హోల్డర్లూ పీకి చూస్తే కామన్ పిన్నులో 12.4 నిలబడే ఉంది, అంటే తీగముడి గారు చెప్పిన తిరగేసిన రకమే. పెట్రోల్ పంపు దగ్గర 13.2 ఉంది, అక్కడ లోటేమీ లేనట్టుంది. ఇప్పుడు రిలేలు ఎలా కలపాలి?

తీగముడి:
చాలా శుభ్రంగా కొలిచారు. హాలోజెన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాదాపు మూడున్నర ఘాతంలో పడిపోతుంది, అంటే వోల్టేజీ కొంచెం తగ్గినా వెలుగు చాలా తగ్గుతుంది. బల్బు ప్రమాణం లెక్కకట్టేది 13.2 వోల్టుల దగ్గర. మీకు అందుతున్న 11.3 దగ్గర సుమారు 60 శాతం వెలుగే వస్తుంది. బల్బు తప్పేమీ లేదు, 1.9 మొత్తం ఆ పాత స్విచ్చి, దాని ఎర్త్ దారిలోనే కరిగిపోతోంది.

రెండు రిలేలు తీసుకోండి, ఒకటి డిమ్‌కి, ఒకటి హైకి. రిలే కాళ్ల మీద నంబర్లుంటాయి: 85, 86 కాయిల్ కొసలు, 30 కరెంటు లోపలికొచ్చేది, 87 బల్బుకి వెళ్లేది. పాత హోల్డర్లలో ఒక్కదాన్నే సిగ్నల్‌గా వాడండి, రెండోదాన్ని టేపు చుట్టి కట్టేయండి. పాత హోల్డరు కామన్ పిన్ను నుంచి రెండు రిలేల 86కి, డిమ్ పిన్ను నుంచి మొదటి రిలే 85కి, హై పిన్ను నుంచి రెండో రిలే 85కి. ఇలా కాయిల్‌ని ఆ రెండు పిన్నుల మధ్యే పెడితే ప్లస్ ఎటున్నా పనిచేస్తుంది, కాయిల్ దగ్గర డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) ఉన్న రిలే అయితే మాత్రం 86కే ప్లస్ రావాలి, మీ బండికి పైన చెప్పినట్టు కలిపితే అది సరిపోతుంది. కాయిల్ తీసుకునేది 0.2 ఆంపియర్ లోపే కాబట్టి పాత స్విచ్చికి ఇక శ్రమ ఉండదు.

30కి బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా, ప్రతి రిలేకీ విడిగా 15 ఆంపియర్ ఫ్యూజు. డిమ్ ఫ్యూజు పోయినా హై వెలుగుతుంది, నడిరోడ్డు మీద చీకటైపోదు. 87 నుంచి కొత్త హోల్డర్ల డిమ్, హై పిన్నులకి. ఐదు కాళ్ల రిలే అయితే 87ఎ అని మధ్యలో ఒకటుంటుంది, దాని జోలికి వెళ్లకండి, రిలే ఆఫ్‌లో ఉన్నప్పుడు అందులో కరెంటు ఉంటుంది. రెండు బల్బులకీ కలిపి 10 ఆంపియర్ల దాకా వెళ్తుంది కాబట్టి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయండి, కొత్త హోల్డర్ల కామన్ పిన్ను నుంచి వెళ్లే ఎర్త్ వైరు కూడా అంతే లావు. చాలామంది ప్లస్‌కి లావు వైరు వేసి ఎర్త్‌కి సన్నది వేస్తారు, అటు వెళ్లిన కరెంటంతా ఇటు తిరిగి రావాలి కదా! కొత్త హోల్డర్లు సిరామిక్‌వి దొరికితే అవే తీసుకోండి.

ఇక ఫ్యూజు గురించి గట్టిగా చెప్తున్నాను. అది బ్యాటరీ నుంచి జానెడు దూరంలోనే ఉండాలి. నేను మొదటిసారి చేసినప్పుడు, చోటు కలిసొచ్చిందని ఫ్యూజుని రిలే పక్కన పెట్టాను. అక్కడి దాకా ఉన్న వైరు హెడ్‌లైట్ వెనక రేకు అంచుకి ఒరుసుకుని, నెల తిరక్కముందే తోలు తెగి బాడీకి తగిలింది. బానెట్ సందులోంచి పొగ వచ్చింది, ఆపి దిగేసరికి వైరు ఎర్రగా కాలుతోంది, టెర్మినల్ విప్పడానికి స్పానర్ డిక్కీలో ఉంది. ఆ నిమిషం ఇప్పటికీ మర్చిపోలేను. రేకు కన్నం గుండా వెళ్లే ప్రతిచోటా రబ్బరు గ్రామెట్ (రింగు) వేయండి, వైరు మొత్తానికి ముడతల గొట్టం తొడగండి.

జాకీ_స్టాండ్లు:
అందరూ లైట్ల గురించే చెప్తున్నారు, ఫిల్టర్ సంగతి నేను చెప్తాను తమ్ముడూ. అన్నిటికంటే ముందు, ఈ రెండు పనులూ ఒకే రోజు పెట్టుకోకు. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, పైకి పోదు, నేల మీదే పాకుతుంది, గుంటలో, మూల్లో నిలబడుతుంది. ఒకవైపు ఫిల్టర్ విప్పి, ఇంకోవైపు రిలే టెస్ట్ చేస్తుంటే చిన్న స్పార్క్ చాలు. ఫిల్టర్ ముందు చెయ్యి, లీకు లేదని తేలాక, ఇంకో రోజు వైరింగ్.

నీది ఇంజెక్షన్ బండి కాబట్టి లైన్లో దాదాపు 3 బార్ ఒత్తిడి ఉంటుంది, ఇంజిన్ ఆపినా గంటల తరబడి అలాగే నిలుస్తుంది. నేను ఓసారి ఇది పట్టించుకోకుండా క్లిప్పు వదులు చేశాను, పెట్రోల్ చిమ్మి మోచేతి నుంచి చంక దాకా తడిసిపోయింది, కళ్లద్దాలు ఉండబట్టి కళ్లు దక్కాయి. అందుకని ముందు పంపు ఫ్యూజు పీకి, ఇంజిన్ స్టార్ట్ చేసి దానంతట అది ఆగిపోయే దాకా వదిలెయ్. తర్వాత రెండుసార్లు సెల్ఫ్ కొట్టు. అప్పుడు బ్యాటరీ మైనస్ తీసెయ్. పెట్రోల్ ట్యాంకు మూత కూడా ఒకసారి తెరువు, లోపలి ఆవిరి ఒత్తిడి పోతుంది. ట్యాంకులో పావు కంటే తక్కువ ఉన్నప్పుడు చెయ్యి, ఫిల్టర్ ట్యాంకు దగ్గరే కింద ఉంటే పైపు తీయగానే కారుతూనే ఉంటుంది.

ఆరుబయట చెయ్యి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకు, స్టాండ్లు పెట్టు. వెలుతురుకి ఫిలమెంట్ బల్బు ఉన్న హ్యాండ్ ల్యాంప్ వద్దే వద్దు, అది కిందపడి పగిలితే చాలు అంటుకుంటుంది. ఎల్‌ఈడీ హెడ్ టార్చ్ వాడు. మంటలార్పే డ్రై పౌడర్ సిలిండర్ చేతికి అందేంత దూరంలో ఉండాలి.

ఫిల్టర్ మీద బాణం గుర్తు ఇంజిన్ వైపు చూడాలి. ఇది రాసుకుని విప్పు, ఎందుకంటే తల కిందుగా పడుకుని చూసేటప్పుడు దిక్కులు మారిపోతాయి. బోల్టు జాయింటు ఉంటే రెండు స్పానర్లు వాడు, ఒకటి ఫిల్టర్‌ని పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి, లేకపోతే ఇనుప పైపు మెలితిరిగి పగులుతుంది. రాగి వాషర్లు పాతవి మళ్లీ వేయకు. రబ్బరు హోస్‌ని వేళ్లతో వంచి చూడు, సన్న చీలికలు కనపడితే మార్చెయ్, ఇథనాల్ కలిపిన పెట్రోల్ పాత రబ్బరుని పాడుచేస్తుంది. కొత్త హోస్ మీద ఇంజెక్షన్ ఒత్తిడికి తగినదని గుర్తు ఉండాలి, కార్బురేటర్ బండ్లకి వాడే హోస్ ఈ ఒత్తిడికి ఆగదు.

బిగించాక ఫ్యూజు, బ్యాటరీ పెట్టి, స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆఫ్ చెయ్యి, అలా నాలుగుసార్లు. పంపు లైన్ నింపుతుంది. కిందికి వంగి ప్రతి జాయింటునీ పొడిగుడ్డతో తుడిచి చూడు. తర్వాతే స్టార్ట్. మర్నాడు ఉదయం మళ్లీ చూడు.

పాత ఫిల్టర్ పడేయకముందు, పెట్రోల్ లోపలికొచ్చే వైపు నుంచి తెల్లగుడ్డ మీద ఒంపు. గుడ్డ మీద ఎర్రటి తుప్పు పొడి కనపడితే ట్యాంకు లోపల తుప్పు మొదలైనట్టే, కొత్త ఫిల్టర్ కూడా త్వరలోనే నిండుతుంది. శుభ్రంగా ఉంటే మాత్రం కుదుపులకి కారణం వేరే, ప్లగ్గులు, ప్లగ్ వైర్ల వైపు చూడు.

పాతబండి_మాది:
రెండు వారాలు పట్టింది కానీ రెండూ అయ్యాయి. ముందు ఫిల్టర్. ఫ్యూజు పీకి స్టార్ట్ చేస్తే కొద్దిసేపటికే ఆగిపోయింది, అయినా క్లిప్పు తీసినప్పుడు గుడ్డలోకి కొంచెం ఊరింది, కళ్లద్దాలు పెట్టుకునే ఉన్నాను. పాత ఫిల్టర్ నుంచి ముదురు గోధుమ రంగు నీళ్లలాంటి పెట్రోల్ వచ్చింది, గుడ్డ ఆరాక చూస్తే మెత్తటి నల్ల పొడి, తుప్పు మాత్రం చాలా కొద్దిగా. ఇంజిన్ వైపు హోస్ వంచితే చీలికలు తేలాయి, అదీ మార్చాను. మర్నాడు నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఎత్తు ఎక్కించాను, మూడో గేర్‌లో ఒక్క కుదుపు లేదు.

పోయిన ఆదివారం రిలేలు. ఇప్పుడు డిమ్ బల్బు దగ్గర 13.4 వస్తోంది. బల్బులు అవే, 60/55వే! రోడ్డు అంచు తెల్లగా కనిపిస్తుంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. జాకీ_స్టాండ్లు అన్నా, తీగముడి గారూ, రెంచీ గారూ, మీరు ముగ్గురూ ఓపిగ్గా రాయకపోతే నేను 100/90 బల్బులు వేసి వైరింగ్ కాల్చుకునేవాణ్ణి. ఒక్క సందేహం, నిన్న రాత్రి ఇద్దరు ఎదురొచ్చి హై బీమ్ కొట్టారు, నేను డిమ్‌లోనే ఉన్నాను.

రెంచీ_చేతిలో:
శభాష్ బ్రదర్! అది లైట్ల ఎత్తు తేడా. ఇన్నాళ్లూ నీరసంగా ఉండి ఎవరికీ తెలియలేదు. చదునైన చోట, టైర్లలో గాలి సరిచూసి, గోడకి 10 మీటర్ల దూరంలో బండి ఆపండి, డ్రైవర్ సీట్లో ఎవరైనా కూర్చోవాలి. నేల నుంచి బల్బు మధ్యకి ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద గుర్తు పెట్టి, దానికి 10 సెంటీమీటర్ల కింద టేపుతో గీత వేయండి. డిమ్ వెలుగు పై అంచు ఆ గీత మీద పడాలి. హెడ్‌లైట్ వెనక ఉండే మరలు కొంచెం కొంచెం తిప్పుతూ ఒక్కోవైపు సరిచేయండి, రెండో లైటుని గుడ్డతో కప్పి. ఎక్కువసేపు కప్పి ఉంచకండి, అద్దం వేడెక్కుతుంది. పాత బండ్లలో ఆ మరలు బిగుసుకుపోయి ఉంటాయి, ముందురోజే కాస్త నూనె వేసి ఉంచండి, బలవంతం చేస్తే వెనక ప్లాస్టిక్ బుడిపె విరుగుతుంది.