ఇంటిల్లిపాదీ మానేరు మీద గాలం వేయాలంటే చదును అడుగు పడవా, వీ అడుగు (కింది భాగం V ఆకారంలో ఉండే) పడవా?

కరీంనగర్ గాలం:
సెలవులకు హన్మకొండ నుంచి అక్క పిల్లలు వస్తారు. అమ్మతో కలిపి ఐదుగురం. లోయర్ మానేరు జలాశయంలో గాలం వేసుకోవడానికి 14 అడుగుల ఫైబర్ పడవ చూస్తున్నాను. మత్స్య సహకార సంఘంతో మాట్లాడాను, సరేనన్నారు. అమ్మేవాళ్లు వీ అడుగుదే తీసుకోమంటున్నారు. అమ్మకు అరవై దాటాయి, అదే నా టెన్షన్.

హన్మకొండ తెప్ప:
చదునుదే తీసుకో అన్నా. గాలం వేసినంతసేపూ పడవ ఆగే ఉంటుంది. వీ అడుగు సుఖమంతా పరుగులోనే. ఆగిందంటే ఒకరు లేచి నిలబడ్డా పక్కకు ఊగుతుంది. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోతే ఒడ్డంతా బురద. చదునుది జానెడు నీళ్లలోనూ తేలుతుంది, అమ్మను గట్టుదాకా తెచ్చి దింపొచ్చు.

మానేరు కట్ట:
నేను ఒప్పుకోను. అదేమన్నా ఊరి చెరువా? కట్టే 10 కిలోమీటర్లు దాటుతుంది. మే నెల మధ్యాహ్నం గాలిదుమారం లేస్తే ఆపడానికి అడ్డమే ఉండదు. చదును అడుగుకు ప్రతి అల చెంపదెబ్బలా తగులుతుంది, పెద్దావిడ నడుము ఏమైపోవాలి? ఇంకోటి, చదునుది మొదట కదలదు కాబట్టి అందరికీ ధైర్యం వస్తుంది. అంచు నీళ్లలో మునిగేదాకా ఒరిగితే మాత్రం ఒక్కసారిగా బోల్తా పడుతుంది.

హన్మకొండ తెప్ప:
దుమారం వచ్చేదాకా పిల్లలతో నడి నీళ్లలో ఎందుకుండాలి? మబ్బు పట్టగానే ఒడ్డుకు రావాల్సిందే, ఏ పడవైనా సరే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వెళ్లి, ఎండ ముదరకముందే తిరిగొస్తే చాలు.

ఫైబర్ పనివాడు, ములుగు:
ఇద్దరూ అడుగు గురించే వాదించుకుంటున్నారు, వెడల్పు ఎంతని ఒక్కరూ అడగలేదు. పొడవు, బరువు అవే ఉండి వెడల్పు 4 అడుగుల నుంచి 5కు పెరిగితే, ఒరగకుండా నిలబెట్టే బలం దాదాపు రెట్టింపవుతుంది. ముందు భాగం వీ, వెనక భాగం చదును ఉన్న పడవలూ చేస్తారు. అలను ముందు భాగం చీలుస్తుంది, మనుషులు కూర్చునేచోట నిలకడ ఉంటుంది. బల్లలు ఎత్తుగా పెట్టించకండి, బరువు పైకి పోయినకొద్దీ పడవ ఊగుతుంది. బల్లల కింద ఫోమ్ నింపించండి, నీళ్లు నిండినా పడవ మునగకూడదు. రెండు గొట్టాల మీద తేలే పాంటూన్ అన్నిటికంటే కదలకుండా ఉంటుంది కానీ గాలికి పక్కకు కొట్టుకుపోతుంది, ట్రాలీ మీద తేవడమూ కష్టమే.

కరీంనగర్ గాలం:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. వాళ్లు చూపించింది 4 అడుగుల 2 అంగుళాల వెడల్పట. అది వద్దని చెప్పేశాను. ముందు వీ, వెనక చదును, 5 అడుగుల వెడల్పుది వెతుకుతాను. డబ్బులిచ్చే ముందు గట్టు దగ్గర నీళ్లలోకి దింపి, లైఫ్ జాకెట్లు వేసుకుని పెద్దవాళ్లం ముగ్గురం ఒకే పక్కకు జరిగి చూస్తాం.

మానేరు కట్ట:
అందరూ ఎక్కాక నీటి నుంచి అంచు ఎంత ఎత్తుందో కూడా కొలవండి. 12 అంగుళాలైనా లేకపోతే నేనైతే మా పిల్లల్ని ఎక్కించను.