భజనలో కీబోర్డ్: ఆటో అకంపనిమెంట్ పెట్టాలా, ఉత్త రిథమ్ చాలా?

శ్రుతిపెట్టె: డోలక్ వాయించేవారు దొరకనిచోట భజనకు కీబోర్డే దిక్కు. ఏసీఎంపీ (ఆటో అకంపనిమెంట్ మీట) ఆన్ చేసి ఎడమచేత్తో కార్డ్ (కలిసి మోగే స్వరాల గుంపు) పడితే బేస్, గిటార్, ప్యాడ్ (వెనక సాగే నాదం) అన్నీ మోగుతాయి. అది పాటకు ఆసరానా, అడ్డమా? వాల్యూమ్ ఎంతలో ఉండాలి? యమహా పీఎస్ఆర్-ఈ తరహా 61 మీటల కీబోర్డులకు వర్తించేలా చెప్పండి.

కార్డ్స్ ప్రియుడు: పెట్టాలి. బృందం శ్రుతి జారకుండా బేస్ పట్టి ఉంచుతుంది. మెయిన్ వాల్యూమ్ నాబ్ తిప్పితే కుడిచేతి టోను, స్టైలు (కీబోర్డ్ తనంతట వాయించే తాళం, వాద్యాల నడక) రెండూ కలిసే మారతాయి కాబట్టి దానితో పని జరగదు. ఫంక్షన్ మెనూలో స్టైల్ వాల్యూమ్ విడిగా ఉంటుంది, 0 నుంచి 127 దాకా. 65 దగ్గర మొదలుపెట్టి, చరణంలో మాటలు స్పష్టంగా వినిపించేదాకా దించండి.

మధ్యమశ్రుతి: ఒప్పుకోను. ఒకటో శ్రుతిలో (సి షడ్జంగా) హిందోళం తీసుకోండి. అందులో పంచమం లేదు. సి మైనర్ పట్టగానే బేసూ ప్యాడూ జి పలుకుతాయి, అదే పంచమం. వాల్యూమ్ 40కి దించినా అపస్వరం అపస్వరమే. ఇక తాళం. స్టైళ్లలో ఎక్కువ భాగం 4/4, 3/4, 6/8. మిశ్రచాపుకు 7 అక్షరాలు, రెండో ఆవర్తానికే సమం తప్పుతుంది. ఏసీఎంపీ ఆఫ్ చేస్తే రిథమ్ ఒక్కటే నడుస్తుంది. భజనకు అది చాలు.

కార్డ్స్ ప్రియుడు: మధ్యమశ్రుతి గారూ, అక్కడ సి మైనర్ పట్టడమే తప్పు. ఎఫ్ మైనర్ (మ ద స), ఏ ఫ్లాట్ మేజర్ (ద స గ) పట్టండి, రెండూ హిందోళం స్వరాలే. మిశ్రచాపు విషయంలో మీ మాటే సరి. స్టైల్ ఆపేసి చేతి తాళాలు వేయించాలి.

మధ్యమశ్రుతి: కార్డ్ సరిగ్గా పట్టినా, బేస్ నడకలో మధ్యమధ్య వేరే స్వరాలు దొర్లే స్టైళ్లు చాలా ఉన్నాయి. ఆ నడక ముందే రాసిపెట్టినది, రాగం చూసి మారదు.

మిక్సర్ దగ్గరి మనిషి: వాల్యూమ్ తగాదాలో సగం వైరుది. కీబోర్డ్ ఫోన్స్/అవుట్‌పుట్ స్టీరియో. స్టీరియో పిన్ను వైరును నేరుగా మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో (రెండు సిగ్నళ్ల మధ్య తేడానే తీసుకునేది) గుచ్చితే ఎడమ, కుడి సిగ్నళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. రెండింట్లో సమానంగా ఉండే బేసు, కిక్కు (డ్రమ్ము పెద్ద దెబ్బ) మాయమై రివర్బ్ (ప్రతిధ్వని) మిగులుతుంది. అది తెలియక స్టైల్ పెంచుతారు, గాత్రం మునుగుతుంది. ఒకవైపు స్టీరియో పిన్ను, రెండోవైపు రెండు మోనో పిన్నులు ఉన్న వై వైరు తీసుకుని రెండు చానళ్లకు ఇవ్వండి. ఈ అవుట్‌పుట్ మెయిన్ వాల్యూమ్‌తోనే మారుతుంది, దాన్ని ముప్పాతిక దగ్గర కదలకుండా ఉంచండి. ఇంకొకటి: కీబోర్డ్ సొంత స్పీకర్ల మీద సరిచూసిన స్టైల్, 15 అంగుళాల బాక్సుల్లో గుమ్మంటుంది. మిక్సర్ చానల్‌కు ఉండే "లో" (Low, బేస్) నాబ్ 3 నుంచి 6 డీబీ తగ్గించాలి.

శ్రుతిపెట్టె: భజన జోరందుకుంటే వేగం ఎలా? రెండు చేతులూ మీటల మీదే ఉంటాయి కదా.

కార్డ్స్ ప్రియుడు: ఎడమచేయి ఎత్తండి. సింక్ స్టాప్ (చేయి ఎత్తగానే స్టైల్‌ను ఆపేది) ఆఫ్‌లో ఉంటే పట్టిన కార్డ్‌తోనే స్టైల్ సాగుతుంది. ఆ చేత్తో ట్యాప్ టెంపో మీట రెండుసార్లు తాళానికి నొక్కండి. స్ప్లిట్ పాయింట్ (ఎడమచేతి కార్డ్ భాగాన్ని కుడిచేతి భాగం నుంచి విడదీసే మీట) కూడా చూసుకోండి. అది 54వ నంబరు మీట దగ్గర ఉంటే, మంద్రానికి దిగిన కుడిచేయి కార్డ్ భాగంలో పడి బేస్ ఒక్కసారిగా మారిపోతుంది. 48కి దించితే ఆ బాధ ఉండదు, ఎడమచేతికి ఇంకా ఒక స్థాయి మీటలు మిగులుతాయి.

మధ్యమశ్రుతి: రెండు నొక్కుల మధ్య ఎడం రవ్వంత తేడా వచ్చినా వేగం ఎగిరిపడుతుంది. బృందం మెల్లగా పెంచుకుంటూ పోతుంటే టెంపో ప్లస్ మీటతో ఒక్కో అంకె పెంచడమే క్షేమం. రిథమ్ ఒక్కటే ఉంటే ఎడమచేతికి కార్డ్ పని ఉండదు, అందుకే ఆఫ్ చేయమంటున్నాను.