పూల్‌లో కళ్ళు మండితే క్లోరిన్ తగ్గించాలా, పెంచాలా?

సి-బ్లాక్ అమ్మ (హైదరాబాద్):
మా అపార్ట్‌మెంట్ పూల్‌లో అరగంట ఆడితే చాలు, పిల్లల కళ్ళు చింతనిప్పులే. గేటు దగ్గరికే ఘాటు కొడుతోంది. క్లోరిన్ సగానికి తగ్గించమని కమిటీకి రాశాను. పూల్ చూసే అబ్బాయేమో ఇంకా వేయాలంటున్నాడు. ఎవరి మాట సరైనది?

విశాఖ ఈతగాడు:
ఆ అబ్బాయి మాటే సరైనదిలా ఉందండీ. సరిగ్గా వేసిన క్లోరిన్‌కి అంత వాసన ఉండదు. మన చెమటతో, పిల్లల మూత్రంతో కలిసి అది క్లోరమైన్లుగా మారుతుంది. ఆ ఘాటూ, మంటా వాటివే. తగ్గిస్తే ఇంకా పేరుకుంటాయి. దిగే ముందు అందరూ సబ్బుతో స్నానం చేస్తున్నారా?

సి-బ్లాక్ అమ్మ:
షవర్ ఉంది, తిప్పేవాళ్ళే లేరు. పూల్ అబ్బాయి టెస్ట్ కిట్‌లో క్లోరిన్ 3 పీపీఎం (పది లక్షల భాగాల నీళ్ళకి 3 భాగాలు) అని చూపించాడు, కిట్‌లో నీళ్ళు పసుపుగా మారాయి.

పూల్ కాంట్రాక్టర్:
అక్కడే పొరపాటు. పసుపు రంగు వచ్చే ఓటీఓ కిట్ టోటల్ క్లోరిన్‌నే, అంటే క్లోరమైన్లుగా మారిపోయినదాన్ని కూడా కలిపి, చూపిస్తుంది. క్రిములను చంపేది ఫ్రీ క్లోరిన్, దానికి గులాబీ రంగు వచ్చే డీపీడీ కిట్ తెప్పించండి. పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం కొలత) కూడా చూడండి. 7.5 దగ్గర ఫ్రీ క్లోరిన్‌లో సగం గట్టిగా పనిచేసే రూపంలో ఉంటుంది, 8 దగ్గర నాలుగో వంతే. క్లోరిన్ టాబ్లెట్లు వాడుతుంటే ఇంకో తంటా. వాటిలోని సయనూరిక్ ఆమ్లం ఎండకి క్లోరిన్ విరిగిపోకుండా కాస్తుంది గానీ, తను మాత్రం నీళ్ళలోనే పేరుకుపోతుంది. 100 పీపీఎం దాటితే క్లోరిన్ మొద్దుబారుతుంది. మూడో వంతు నీళ్ళు తీసి కొత్తవి నింపాల్సిందే.

రిటైర్డ్ మాస్టారు:
మే నెలలో తాగడానికే ట్యాంకర్ కొంటున్నాం. పూల్ నీళ్ళు పారబోయమంటారా? టాబ్లెట్లు మానేసి లిక్విడ్ క్లోరిన్ పోస్తే సరిపోదా?

పూల్ కాంట్రాక్టర్:
మాస్టారూ, అలా చేస్తే సయనూరిక్ ఆమ్లం కొత్తగా పేరుకోదంతే, ఉన్నది పోదు. నీళ్ళు లేవంటే వానలదాకా పూల్ మూసేయండి. అంతేగానీ ఈ నీళ్ళలో పిల్లల్ని దింపొద్దు. ఇంకోటి, టాబ్లెట్లనీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఒకే బకెట్‌లో కలపొద్దు, పేలుతుంది.

రిటైర్డ్ మాస్టారు:
మూసేయడానికి నేను సిద్ధం. పారబోయడానికి మాత్రం ఒప్పుకోను.

సి-బ్లాక్ అమ్మ:
ఈరోజు డీపీడీతో చూశాం. ఫ్రీ 0.5, టోటల్ 3, పీహెచ్ 8. కమిటీకి రాసిన ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాను. సయనూరిక్ టెస్ట్ అయ్యేదాకా మా పిల్లలు దిగరు.