లేజర్‌తో చేసిన కార్బన్ నానోకణాలు వెలగడం లేదు

ప్రశ్న
పరిశోధక విద్యార్థినిని. బీకరు అడుగున గ్రాఫైట్ బిళ్ళ పెట్టి, పైన వేలు మందాన శుద్ధజలం పోసి, 1064 నానోమీటర్ల యాగ్ లేజర్‌తో సెకనుకు 10 పల్సుల చొప్పున అరగంట కొట్టాను. ప్రతి పల్సుకూ చిటుక్కుమని చప్పుడు, బిళ్ళ మీద తెల్లని మెరుపు, ఆ వెంటనే నీళ్లలోకి పొగలా లేచే సన్నని నల్లతీగ. చూస్తూ ఉండిపోవాలనిపిస్తుంది. చివరికి నీళ్లు లేత గోధుమ రంగుకు తిరిగాయి. గది చీకటి చేసి 365 నానోమీటర్ల అతినీలలోహిత దీపం పెడితే కంటికి ఏమీ కనిపించలేదు. ఫ్లోరోమీటర్‌లో (వెలువడే కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా కొలిచే పరికరం) మాత్రం 417 నానోమీటర్ల దగ్గర చిన్న శిఖరం వస్తోంది. మూడు వారాలుగా దాన్నే నమ్ముకుని ఉన్నాను. పెంచడం ఎలా?

జవాబు 1
ముందు అదే క్యూవెట్‌లో (కొలతకు ద్రవం పోసే చిన్న పారదర్శక పాత్ర) ఉత్త శుద్ధజలం పోసి చూడండి. 365తో ఉత్తేజపరిస్తే నీటి రామన్ శిఖరం (నీటి అణువులు కాంతి శక్తిలో కొంత ఉంచుకుని మిగతాది వెదజల్లడం వల్ల వచ్చేది) పడేది దాదాపు 417 దగ్గరే. తర్వాత 380తో ఉత్తేజపరచండి. 436కు జరిగిందంటే అది నీటిదే. ఇక్కడే చాలామంది పొరబడతారు. కార్బన్ డాట్ల (వెలిగే కార్బన్ నానోకణాల) కాంతి కూడా ఉత్తేజాన్ని బట్టి జరుగుతుంది కాబట్టి, జరిగితే చాలు డాట్లే అనుకుంటారు. నీటి శిఖరం మాత్రం ఉత్తేజ కాంతి నుంచి శక్తిలో ఎప్పుడూ ఒకే ఎడం పాటిస్తుంది.

జవాబు 2
వెలగకపోవడం వింతేమీ కాదండీ. 2006లో క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో యా-పింగ్ సన్ బృందం 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో, ఆర్గాన్, నీటి ఆవిరి పారుతుండగా గ్రాఫైట్‌ను లేజర్‌తో కొట్టింది. ఆ కణాలూ వెలగలేదు. నత్రికామ్లంలో మరిగించాక కూడా వెలగలేదు. ఉపరితలానికి పాలిమర్ గొలుసులు అతికించాకే వెలిగాయి. మీ కణాల ఒళ్లు ఇంకా బోసిగా ఉంది, అంతే.

జవాబు 3
నీళ్లు మానేసి, గ్రాఫైట్ పొడిని నేరుగా పాలిథిలీన్ గ్లైకాల్‌లో కలియబెడుతూ లేజర్ కొట్టండి. కణం పుట్టడం, దానికి పూత పట్టడం ఒకేసారి జరుగుతాయి. పొడి లేని ఉత్త గ్లైకాల్‌కూ అంతసేపే లేజర్ ఇవ్వడం మరవకండి, ద్రవమే విరిగి వెలిగే అణువులు పుట్టవచ్చు. కళ్లద్దాలు 1064కు తగినవేనా? ఆ కిరణం కంటికి కనిపించదు, జాగ్రత్త.

ప్రశ్న అడిగినవారు
ఉత్త నీళ్లలోనూ అదే 417. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిన్న గ్లైకాల్‌లో రెండు గంటలు కొట్టి, పొడిని సెంట్రిఫ్యూజ్‌లో దించి దీపం పెట్టాను. నీలి వెలుగు, కంటికే కనిపించింది! ఉత్త గ్లైకాల్ గొట్టంలోనూ కొద్దిగా ఉంది, కానీ చాలా మసకగా. రెండింటినీ డయాలసిస్ సంచుల్లో (చిన్న అణువుల్ని బయటికి వదిలి, పెద్ద కణాల్ని లోపలే ఆపే పొర సంచులు) కట్టి నీళ్లలో వేలాడదీశాను. సంచిలో మిగిలినదే వెలుగుతుందో, బయటి నీళ్లే వెలుగుతాయో ఎల్లుండి చూసి ఇక్కడే రాస్తాను.