మనాస్లు యాత్రకు డబ్బు కట్టే ముందు ఏమేమి తేల్చుకోవాలి?

ప్రశ్న (తిరుపతి నుంచి)

అందరికీ నమస్కారం. నా వయసు నలభైకి దగ్గరగా ఉంది. ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు ‘ఏ’ గ్రేడుతో పూర్తి చేశాను. ఆ తరువాత నేపాల్‌లో 6,476 మీటర్ల మేరా శిఖరం ఎక్కాను. వచ్చే శరదృతువులో నేపాల్‌లోనే ఉన్న 8,163 మీటర్ల మనాస్లు శిఖరానికి వెళ్లే బృందంలో చేరమని కాఠ్మాండూకు చెందిన ఒక నిర్వాహక సంస్థ నన్ను అడుగుతోంది. వారు రెండు ధరలు చెప్పారు. తక్కువ ధరలో పర్మిట్, బేస్ క్యాంపులో భోజన వసతులు, పై క్యాంపుల్లో గుడారాలు మాత్రమే ఉంటాయి. ఎక్కువ ధరలో వీటితో పాటు నాకంటూ ఒక షెర్పా, ఆక్సిజన్ సీసాలు ఉంటాయి. ఈ రెండింటి మధ్య తేడాయే నాకు కొన్ని నెలల జీతం.

ఏడు వేల మీటర్ల శిఖరం ఒక్కటీ ఎక్కకుండా నేరుగా ఎనిమిది వేలకు వెళ్లడం సబబేనా? మలావత్ పూర్ణ 2014లో పద్నాలుగేళ్లు కూడా నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది కదా, నీకెందుకు సందేహం అని స్నేహితులు అంటున్నారు. సాధన కోసం వారాంతాల్లో బరువు సంచి వేసుకుని అలిపిరి మెట్లు ఎక్కుతున్నాను. అది సరిపోతుందా?

మొదటి సమాధానం (హైదరాబాద్ నుంచి)

ధరల సంగతి తరువాత చూద్దాం. ఏడున్నర వేల మీటర్ల ఎత్తులో మీ పక్కనున్న షెర్పాకు ఒంట్లో బాగా లేకపోతే, మీరు ఒంటరిగా తాడు వెంట దిగి మూడో క్యాంపుకు చేరుకోగలరా? మేరా అనుభవంతో దీనికి జవాబు చెప్పలేము, ఎందుకంటే చివరి కొద్దిపాటి నిటారు భాగాన్ని మినహాయిస్తే అది చాలావరకు హిమానీనదం మీద నడక. మనాస్లులో మొదటి, రెండవ క్యాంపుల మధ్య మంచు గోడలు వస్తాయి. అక్కడ గంటల తరబడి జూమర్ (తాడు మీద పైకి మాత్రమే జరిగే పట్టు పరికరం) మీద ఆధారపడాలి. ఒక తాడు ముగిసి మరొకటి మొదలయ్యే యాంకర్ (తాడును మంచులో బిగించిన చోటు) దగ్గర మందపాటి చేతి తొడుగులు తియ్యకుండానే ముందు సేఫ్టీ కారబినర్‌ను (నడుము పట్టీకి కట్టుకున్న లోహపు కొక్కెం) అవతలి తాడుకు తగిలించాలి, ఆ తరువాతే జూమర్ విప్పాలి. ఈ క్రమం అలసటలో, చీకటిలో కూడా చేతులకు దానంతటదే రావాలి. భువనగిరి బండ మీద తొడుగులు వేసుకుని దీన్ని సాధన చేయవచ్చు. వింతగా చూసేవారు చూస్తారు, పట్టించుకోకండి.

పూర్ణ, ఆమెతో పాటు ఎవరెస్టు ఎక్కిన ఆనంద్ కుమార్‌ల ఉదాహరణ ఇక్కడ పొసగదు. వారు నేరుగా వెళ్లలేదు. భువనగిరిలో శిలారోహణ, డార్జిలింగ్‌లో కోర్సు, లద్దాఖ్ చలిలో శిక్షణ అన్నీ ముగిసి, చాలామంది పిల్లల నుంచి వడపోసిన తరువాత మిగిలిన ఇద్దరు వారు. స్నేహితులు చివరి ఫొటో మాత్రమే చూస్తున్నారు.

మనాస్లు విషయంలో మరొక చిక్కు కాలానిది. సెప్టెంబరులో వర్షాకాలం ఇంకా పూర్తిగా వెనుదిరగదు. కింద, బేస్ క్యాంపుకు దిగువనున్న సామాగావ్ గ్రామంలో వాన పడుతుంటే పైన కొత్త మంచు పేరుకుంటూ ఉంటుంది. 2012 సెప్టెంబరు 23 తెల్లవారుజామున మూడో క్యాంపు మీద మంచు చరియ విరిగిపడి 11 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది గుడారాల్లో నిద్రపోతున్నవారే. 2022లో కూడా పై క్యాంపుల దారిలో చరియలు పడి ప్రాణనష్టం జరిగింది. కాబట్టి మూడో క్యాంపు ఎక్కడ వేస్తారు, భారీగా మంచు కురిసిన తరువాత ఎన్ని రోజులు ఆగుతారు అని సంస్థను తప్పక అడగండి. ‘పరిస్థితిని బట్టి’ అని మాత్రమే జవాబు వస్తే, ఆ పరిస్థితిని నిర్ణయించేది ఎవరో పేరుతో సహా చెప్పమనండి.

నా సలహా అయితే, ముందు కార్గిల్ జిల్లా సురు లోయలోని నున్ శిఖరానికి వెళ్లండి. దాని ఎత్తు 7,135 మీటర్లు. జూలై, ఆగస్టు నెలల్లో ఎక్కుతారు, దాని అనుమతి వ్యవహారాలను ఢిల్లీలోని ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ చూస్తుంది. అక్కడ మీ శరీరం బాగా స్పందిస్తే, తరువాత మనాస్లుకు తక్కువ ధరలో వెళ్లినా ఇబ్బంది ఉండకపోవచ్చు.

రెండవ సమాధానం (గుంటూరు నుంచి, ఊపిరితిత్తుల వైద్యుడు)

5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి పడిపోతుంది. మనాస్లు శిఖరం మీద మూడో వంతు కంటే కొంచెమే ఎక్కువ. అలిపిరి మెట్లు ఎంత వేగంగా ఎక్కినా ఆ మార్పుకు శరీరం అలవాటు పడదు. దేహదారుఢ్యం ఎత్తు జబ్బును ఆపదు. పైగా దృఢంగా ఉన్నవారు తొందరగా ఎక్కి తొందరగా జబ్బు పడుతుంటారు. మూడు వేల మీటర్లు దాటిన తరువాత రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకుండా, మూడు నాలుగు రోజులకొకసారి ఆగడం నేటికీ మేలైన పద్ధతి.

మేరాలో మీకు తలనొప్పి, వాంతులు ఎంత వరకు వచ్చాయో రాయలేదు. ఇదివరకు ఎప్పుడైనా ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఉంటే అది మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ, కాబట్టి దాన్ని దాచవద్దు. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోవడం, పొడి దగ్గు రాను రాను గులాబీ రంగు నురుగుగా మారడం దాని గుర్తులు. మెదడు వాపును పట్టుకోవడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఒక పాదం మడమకు మరో పాదం వేళ్లు ఆనించుకుంటూ సరళరేఖలో నడవమంటే తూలిపోతే చాలు, ఆ మనిషిని వెంటనే కిందికి దింపాలి. డెక్సామెథసోన్ దిగడానికి సమయం ఇచ్చే మందు. దాని బలంతో పైకి కొనసాగడం ప్రాణాపాయం. సల్ఫా మందులు పడనివారు, ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ గురించి ముందే వైద్యుడితో మాట్లాడాలి.

మూడవ సమాధానం (విశాఖపట్నం నుంచి)

మొదటి సమాధానంలో చాలా మటుకు నాకు సమ్మతమే గాని, చివరి మాటతో మాత్రం ఏకీభవించలేను. నున్ ఎక్కినా సరే, షెర్పా లేని ధర మీకు తగినది కాదు. ఎనిమిది వేల మీటర్ల పైన స్వతంత్రంగా ఎక్కే సత్తా ఉన్నవారికి అది లాభసాటి బేరం. మీరు ఇంకా అక్కడికి చేరుకోలేదు. షెర్పా ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. ఆయన ఎనిమిది వేల పైకి ఎన్నిసార్లు వెళ్లారో, మిమ్మల్ని వెనక్కి తిప్పే అధికారం ఆయనకు ఉందో లేదో అడగండి. శిఖరం చేరితేనే ఆయనకు బోనస్ అనే ఒప్పందం ఉంటే, మిమ్మల్ని సకాలంలో వెనక్కి తిప్పినా ఆ మొత్తం ఇస్తానని బయలుదేరక ముందే ఆయనకు చెప్పడం ఉత్తమం.

ఆక్సిజన్ లెక్క మీరే వేసుకోవచ్చు. నాలుగు లీటర్ల సీసాను 300 బార్ల పీడనం వరకు నింపితే సుమారు 1,200 లీటర్ల వాయువు ఉంటుంది. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పది గంటలు, నాలుగు లీటర్ల చొప్పున అయిదు గంటలు వస్తుంది. పైకి, కిందికి, నాలుగో క్యాంపులో నిద్రకు, తాడు దగ్గర రద్దీలో నిలబడే సమయానికి ఇందులోంచే సర్దుకోవాలి. మీకు ఎన్ని సీసాలు ఇస్తారో, అదనపు రెగ్యులేటర్ (సీసా నుంచి వాయువు వచ్చే వేగాన్ని నియంత్రించే పరికరం) ఎవరి దగ్గర ఉంటుందో రాయించుకోండి. బీమా విషయంలో ఎత్తు పరిమితి చూడండి. మామూలు ట్రెక్కింగ్ పాలసీలు చాలావరకు ఆరు వేల మీటర్ల లోపే ఆగిపోతాయి.

ప్రశ్న వేసినవారు

డాక్టరు గారికి, మిగిలిన ఇద్దరికీ ధన్యవాదాలు. మేరాలో నాకు తలనొప్పి తప్ప మరే ఇబ్బందీ కలగలేదు. ముందుగా నున్‌కే వెళ్లాలని నిర్ణయించుకున్నాను. ఒక్క సందేహం: సంస్థవారి కాగితంలో ‘శిఖరాగ్రం లేదా వాతావరణం అనుమతించిన అత్యున్నత స్థానం’ అని రాశారు. ఇది మామూలేనా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

మనాస్లుకు సంబంధించి ఆ వాక్యాన్ని వదిలిపెట్టకండి. చాలా ఏళ్లపాటు ఎక్కువమంది ముందుగా వచ్చే చిన్న శిఖరం దగ్గర ఆగి, ఫొటో తీసుకుని దిగిపోయారు. అసలు శిఖరం దాని వెనుక, సన్నని మంచు అంచు దాటిన తరువాత ఉంటుంది. 2021లో డ్రోన్ తీసిన చిత్రం ఈ తేడాను అందరికీ చూపించింది. ఎలిజబెత్ హాలీ నెలకొల్పిన, నేపాల్ హిమాలయ ఆరోహణల వివరాలను నమోదు చేసే హిమాలయన్ డేటాబేస్ 2022 నుంచి ముందు శిఖరం వరకు వెళ్లినవారిని శిఖరం చేరినట్టు లెక్కించడం మానేసింది. కాబట్టి అసలు శిఖరం వరకు తాళ్లు బిగిస్తారా, ఆ బాధ్యత ఏ బృందానిది అన్నది లిఖితంగా అడగండి. వాతావరణం వల్ల ఆగిపోతే తప్పులేదు, కానీ తాడు అక్కడి వరకు వెయ్యకపోవడం వాతావరణం కాదు. ఆ జవాబు వచ్చే వరకు అడ్వాన్సు పంపకండి.