స్మృతి, జ్ఞాపకత్వం: రోగి గుణాల శ్లోకంలో రెండూ ఎందుకు?

ఆయుర్వేద గ్రంథం చరక సంహిత సూత్రస్థానం 9వ అధ్యాయంలో, మంచి రోగికి ఉండాల్సిన గుణాలు చెప్పే శ్లోకం ఇది:

స్మృతినిర్దేశకారిత్వమభీరుత్వమథాపి చ
జ్ఞాపకత్వం చ రోగాణామాతురస్య గుణాః స్మృతాః

స్మృతి అంటేనే గుర్తుండడం కదా, మళ్ళీ జ్ఞాపకత్వం ఎందుకు? చెప్పిందే చెప్పినట్టు లేదూ? వైద్య విద్యార్థులకి పేషెంట్లే పాఠం చెప్పే కార్యక్రమానికి తెలుగు పేరు వెతుకుతూ ఇక్కడ ఆగిపోయాను.

↳ రెండూ వేరండీ. జ్ఞాపకం అంటే గుర్తు అనేది మన తెలుగు వాడుక. సంస్కృతంలో అది తెలియజేసేది, విజ్ఞాపనలో ఉన్నదీ ఆ అర్థమే. అంటే తన జబ్బు సంగతి వైద్యుడికి తెలిసేలా చెప్పగలగడం. మీ కార్యక్రమానికి ఇంతకంటే దగ్గరి మాట దొరకదేమో.

↳ బాగుంది కానీ పక్కనే నిర్దేశకారిత్వం ఉంది, చూశారా? చెప్పినట్టు వినడం! పైగా శ్లోకం చికిత్స గురించి, చదువు గురించి కాదు. రోగికి చదువు చెప్పడంలో భాగస్వామ్యం ఉందని ఇందులోంచి పిండొద్దు.

↳ ఒప్పుకుంటాను, శ్లోకం అంత దూరం రాదు. పేషెంట్లు పాఠం చెప్పే ఇప్పటి పద్ధతి కూడా ఒక్కసారిగా రాలేదు లెండి. 1963లో హోవార్డ్ బారోస్ అనే న్యూరాలజిస్టు జబ్బు నటించే మనిషికి తర్ఫీదిచ్చి విద్యార్థుల ముందు కూర్చోబెట్టాడు, అయితే అక్కడ కథ రాసింది డాక్టరే. నిజంగా జబ్బుతో బతుకుతున్నవాళ్ళు పాఠం తయారు చేయడంలో కూర్చోవడం, విద్యార్థి ఎలా మాట్లాడాడో వాడి ముందే చెప్పడం ఆ తర్వాతి సంగతి. మాంట్రియల్ విశ్వవిద్యాలయం 2010 నుంచి వీళ్ళని భాగస్వాములనే పిలుస్తోంది. కీళ్ళవాతం ఉన్నవాళ్ళు తమ కీళ్ళ మీదే పరీక్ష నేర్పిస్తారు: నొక్కే వేలి గోరు కింద తెల్లబడితే చాలు, ఇంక ఆపు అని. పుస్తకంలో కూడా ఆ మాట ఉంటుంది, కానీ నొప్పి పుట్టే చేయి మన వేలి కింద ఉన్నప్పుడు వినడం వేరు. ఇంకోటి, "మందులు వేసుకుంటున్నారా?" అని అడిగితే ఎవరైనా ఆఁ అనేస్తారు, "వారంలో ఎన్నిసార్లు మర్చిపోతుంటారు?" అని అడుగు బాబూ, అప్పుడు నిజం చెప్తాం అనే సలహా పేషెంటు ఇస్తేనే పిల్లలకి ఎక్కుతుంది. నా లెక్కలో జ్ఞాపకత్వం అంటే ఇదే. నిర్దేశకారిత్వాన్ని మాత్రం మీరన్నట్టు పక్కన పెట్టాల్సిందే.

↳ సరే, పేరు? "రోగి గురువు" అంటే గురువుగారికే జబ్బు చేసినట్టుంది.

↳ "బోధక రోగి" ఇంకా ఘోరం, ఏదో కొత్త జబ్బేమో అనుకుంటారు. నన్నడిగితే "పేషెంట్ టీచర్" అనే ఉంచండి, అందరికీ అర్థమవుతుంది. ఆ పని చేసేవాళ్ళని కూడా ఓ మాట అడిగారా? వాళ్ళని ఏమని పిలవాలో మనమే ఇక్కడ తేల్చేస్తున్నాం!

↳ అడగలేదు. వచ్చేవారం మీటింగులో అడుగుతాను.