ఊరి నుంచి వచ్చాక మా కుక్క మాతో పలకడం లేదు: మీ ఇళ్లలోనూ ఇలాగే ఉంటుందా?

జున్ను వాళ్లమ్మ (కె.ఆర్. పురం)

సంక్రాంతికి తెనాలి వెళ్లి మొన్న రాత్రి తిరిగొచ్చాం. మా జున్ను నాటు కుక్క. వీధిలో పుట్టి మా ఇంట్లో పెరిగింది. ఈసారి బెంగళూరులోనే సర్జాపుర రోడ్డు వైపున్న ఒక కుక్కల వసతి కేంద్రంలో వదిలాం. తీసుకురావడానికి వెళ్తే ఒళ్లంతా ఊపుకుంటూ వచ్చింది, మా వారి మీదికి ఎగబడింది. ఇల్లు చేరాక మాత్రం అంతా తలకిందులైంది. సోఫా వెనక దూరి గోడవైపు తిరిగి పడుకుంటోంది. పిలిస్తే చెవి కదుపుతుంది గానీ తల తిప్పదు. ఎంతో ఇష్టమైన పెరుగన్నం సగం వదిలేసింది. దగ్గరికి వెళ్లి కూర్చుంటే లేచి ఇంకో గదిలోకి పోతుంది.

మా అత్తగారు "అలిగింది, బతిమాలుకో" అంటున్నారు. మా వారు "వదిలెయ్, ఆకలేస్తే అదే వస్తుంది" అంటున్నారు. నాకు మాత్రం మనసు ఊరుకోవడం లేదు. మీ అనుభవాలు చెప్పండి.

బ్రూనో నాన్న (బీటీఎం లేఅవుట్)

అలగడమేనండీ, నాకు సందేహమే లేదు. నేను ఆఫీసు పని మీద చెన్నై వెళ్లి వస్తే మా లాబ్రడార్ నా దగ్గరికి రాడు, మా ఆవిడ కాళ్ల దగ్గరే కూర్చుంటాడు. ఆమె పుట్టింటికి వెళ్లి వస్తే ఆమెకూ అదే శిక్ష. ఎవరు వెళ్లారో వాళ్ల మీదే ఎందుకు మరి? ఇంత ప్రేమించే జీవికి కోపం రాదంటే నేను ఒప్పుకోను. మీ అత్తగారి మాట వినండి.

ముధోళ్ మిత్రుడు (యలహంక)

బ్రూనో నాన్నగారూ, మీ వాడు తన ఇంట్లో, తన మనుషుల మధ్యే ఉన్నాడు. జున్ను సంగతి వేరు. పండుగ రోజుల్లో ఆ వసతి కేంద్రాలు కిక్కిరిసి ఉంటాయి. అర్ధరాత్రి ఒక్కటి మొరిగితే చాలు, మిగతావన్నీ అందుకుంటాయి. ఎదిగిన కుక్క రోజులో దాదాపు సగం నిద్రలోనే గడుపుతుంది. అక్కడ ఆ నిద్ర ఎక్కడిది? మా ముధోళ్ హౌండును అలాంటి చోటి నుంచి తెచ్చిన ప్రతిసారీ ఇదే వరస: గేటు దగ్గర గంతులు, కారులో ఆయాసం, ఇంట్లో అడుగుపెట్టగానే ఓ మూల చూసుకుని పడక. లేపితే విసుగు.

జున్నుకు ముందు నిద్ర కావాలి. పిలవకండి, ఎత్తుకోకండి, ఫోను పట్టుకుని దాని ముందు కూర్చోకండి. నీళ్లగిన్నె ఆ మూలకే జరపండి. అక్కడ ఏం తిండి పెట్టారో కూడా కనుక్కోండి. పెరుగన్నం నుంచి ఒక్కసారిగా ప్యాకెట్లలో వచ్చే పొడి గుళికల తిండికి, మళ్లీ పెరుగన్నానికి మారితే కడుపు తట్టుకోదు.

చిట్టి అమ్మమ్మ (మల్లేశ్వరం)

తెనాలిలో మీ వాళ్లకు పశువులో, కుక్కలో ఉన్నాయా అమ్మా? మేము గుంటూరు నుంచి వస్తే మా కుక్క చిట్టి ముందు మా చెప్పులను, సంచులను పలకరిస్తుంది. మా అన్నయ్య ఇంట్లో ఒక కుక్కపిల్ల ఉంది. దాని వాసన నా చీర కుచ్చిళ్లకు పట్టి ఉంటుంది కదా! అది పసిగట్టిందంటే ఇక దూరం దూరం. స్నానం చేసి, ఇంట్లో కట్టుకునే నూలు చీర కట్టుకున్నాకే ఒళ్లోకి వస్తుంది.

వాసన విషయం తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలో ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్లు, మత్తు ఇవ్వకుండా ఎమ్ఆర్ఐ యంత్రంలో కదలకుండా ఉండేలా కుక్కలకు శిక్షణ ఇచ్చి, రకరకాల వాసనలు చూపించి మెదడును పరిశీలించారు. మంచిది జరగబోతోందని ఎదురుచూసే భాగం అన్నిటికంటే ఎక్కువగా స్పందించింది సాటి కుక్కల వాసనకు కాదు, తెలిసిన మనిషి వాసనకు! ఆ వాసన మారి వస్తే దానికి ఎంత గందరగోళంగా ఉంటుందో ఆలోచించండి.

పుస్తకాల పురుగు (కగ్గదాసపుర)

బ్రూనో నాన్నగారు కోపం అంటున్న దాని గురించి నాకు తెలిసింది చెప్తాను. న్యూయార్క్‌లో కుక్కల ప్రవర్తన మీద పనిచేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో 14 కుక్కలతో ఒక పరీక్ష చేశారు. తినొద్దని చెప్పిన బిస్కెట్టును గదిలో ఉంచి యజమానిని బయటికి పంపేవారు. తిరిగొచ్చాక, కుక్క తిన్నా తినకపోయినా, కొన్నిసార్లు "తినేసింది" అనీ కొన్నిసార్లు "తినలేదు" అనీ యజమానికి చెప్పేవారు. మనం తప్పు చేసిన మొహం అనుకునే ఆ చూపు, తల వంచుకోవడం, పక్కకు తిరగడం, తిన్న కుక్కల్లో కాదు, యజమాని కసిరినప్పుడు ఎక్కువగా కనిపించాయి. అంటే అక్కడ కుక్క మొహంలో ఉన్నది మన కసురుకు జవాబు.

ఇది జున్నుకు వర్తిస్తుందనే నా నమ్మకం. జున్ను వాళ్లమ్మగారు ఆందోళనతో వంగి, మొహంలో మొహం పెట్టి, మాటిమాటికీ పిలుస్తుంటారు. కుక్క మొహం తిప్పుకోవడం, పెదవి నాక్కోవడం, ఆవలించడం చాలాసార్లు "కాస్త ఆగు, నాకు ఇబ్బందిగా ఉంది" అని చెప్పే పద్ధతులు. దాన్ని మనం కోపమని చదువుకుని ఇంకా బతిమాలితే అది ఇంకో గదిలోకి పోతుంది.

మనం లేని లోటు వాటికి తెలియదని నేను అనడం లేదు. 2011లో స్వీడన్ పరిశోధకులు కుక్కలను అరగంట, రెండు గంటలు, నాలుగు గంటలు ఒంటరిగా వదిలి చూశారు. అరగంట తర్వాత కంటే రెండు గంటల తర్వాత అవి యజమానిని చాలా ఎక్కువ ఉత్సాహంతో పలకరించాయి. 2022లో జపాన్‌లో అజాబు విశ్వవిద్యాలయం వాళ్లయితే, విడిగా ఉన్న యజమానిని మళ్లీ కలిసినప్పుడు కుక్క కళ్లలో తడి పెరుగుతుందని కొలిచి చూపించారు. తెలిసిన వేరే మనిషిని కలిస్తే అలా పెరగలేదు. వాటి ప్రేమకు ఇంతకంటే ఏం కావాలి? శిక్షించాలనే ఆలోచన మాత్రం మనం అంటగట్టేదే.

మీ బ్రూనో విషయం: మీరు లేనప్పుడు వాడి నడక, తిండి, పడక అన్నీ మీ ఆవిడ చుట్టూ అల్లుకుంటాయి. మీరు రాగానే పాత పద్ధతికి మారడానికి వాడికి కొంత వ్యవధి కావాలి.

బ్రూనో నాన్న (బీటీఎం లేఅవుట్)

చివరి మాట ఆలోచించదగ్గదే. అయినా వాడు నన్ను ఓరగా చూసే చూపు మీరెవరూ చూడలేదు.

నర్సమ్మ (హెబ్బాళ)

ఆలస్యంగా చూశాను. దయచేసి ఇది శ్రద్ధగా చదవండి.

నేను పశువైద్యశాలలో పనిచేస్తాను. దసరాకు, సంక్రాంతికి ఊళ్లు వెళ్లి వచ్చినవాళ్లు "మా మీద అలిగి తినడం మానేసిందండీ" అంటూ కుక్కలను తెస్తారు. వాటిలో కొన్నింటికి ఉన్నది అలక కాదు, గోమార్ల జ్వరం (టిక్ ఫీవర్). బెంగళూరులో ఏడాది పొడవునా గోమార్లు ఉంటాయి. చాలా కుక్కలు ఒకేచోట ఉంటే ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకడానికి ఎంతో సేపు పట్టదు. ఎర్లీకియా అనే సూక్ష్మజీవి గోమారు కాటుతో ఒంట్లోకి చేరాక జబ్బు బయటపడటానికి సుమారు ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. అందువల్ల మీరు తిరిగొచ్చిన రోజు బాగానే ఉండి, ఆ తర్వాత మెల్లగా డీలా పడవచ్చు. మూల చూసుకుని పడుకోవడం, తిండి తగ్గడం, పిలిస్తే లేవకపోవడం మొదటి లక్షణాలు. మీరు రాసిన వాటికి, వీటికి తేడా ఏముందో చెప్పండి?

ఇప్పుడే చెవుల లోపల, మెడపట్టీ కింద, కాలివేళ్ల మధ్య వేళ్లతో తడిమి చూడండి. గోమారు దొరికితే చిన్న చిమటాతో (ట్వీజర్) చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి. వట్టి వేళ్లతో నలపకండి, కాల్చకండి. పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి, గులాబీ రంగులో ఉండాలి. పాలిపోతే ఆ రోజే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. కుక్కకు మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది కాబట్టి ఒళ్లు వెచ్చగా ఉందని చేత్తో చూసి తేల్చలేం, థర్మామీటర్ పెట్టాల్సిందే. ముక్కు నుంచి రక్తం వచ్చినా, మూత్రం ఎర్రగానో ముదురు గోధుమ రంగులోనో పడినా ఆగకండి. మన ఇళ్లలో ఉండే జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు మాత్రం వేయొద్దు. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ వాటి ప్రాణం మీదికి తెస్తాయి.

త్వరగా పట్టుకుంటే ఎర్లీకియాకు మంచి మందు ఉంది. డాక్సీసైక్లిన్‌ను సాధారణంగా 28 రోజులు వాడిస్తారు. రెండు రోజులకే లేచి ఆడుతోందని మధ్యలో ఆపేసేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇంకొకటి, గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు పొడిగా దగ్గుతోందా? అదీ వసతి కేంద్రాల నుంచి వచ్చేదే. దగ్గుతుంటే పార్కుకు తీసుకెళ్లకండి, మిగతా కుక్కలకు అంటుతుంది.

జున్ను వాళ్లమ్మ (కె.ఆర్. పురం)

నర్సమ్మగారూ, మీకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. చదవగానే టార్చి వేసి చూశాం. ఎడమ చెవి మడతలోనూ ముందుకాలి వేళ్ల మధ్యా గోమార్లు దొరికాయి. ఉదయమే వైద్యుడికి చూపించాం. జ్వరం లేదు, దగ్గు లేదు. రక్తం తీశారు. ప్లేట్‌లెట్లు బాగానే ఉన్నాయట, సూక్ష్మజీవులు కనిపించలేదట. అయినా మూడు వారాలు గమనిస్తూ ఉండమని, తిండి తగ్గితే మళ్లీ రక్త పరీక్ష చేయిద్దామని చెప్పారు. గోమార్ల మందు వేశారు. ఇప్పుడు ఉష్ణోగ్రతలు ఒక పుస్తకంలో రాస్తున్నాను. పిలవడం మానేశాక మధ్యాహ్నమంతా నిద్రపోయి, సాయంత్రం తానే గొలుసు దగ్గరికి వచ్చి నిలబడింది. మిగతాది ముధోళ్ మిత్రుడు గారు చెప్పినట్టు నిద్రలేమేనేమో.

ఉగాదికి మళ్లీ ఊరు వెళ్లాలి. ఇక దాన్ని అక్కడ వదలను. రైల్లో వెంట తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ముధోళ్ మిత్రుడు (యలహంక)

తీసుకెళ్లాం. ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ పేరున ఉంటేనే కుక్కను వెంట ఉంచుకోనిస్తారు. లేదంటే గార్డు పెట్టెలోని డబ్బాలో వేయాలి. ఆ చప్పుడులో జున్నును రాత్రంతా ఉంచమని నేను చెప్పను. పార్సిల్ ఆఫీసులో దానికి విడిగా డబ్బు కట్టి రసీదు తీసుకోవాలి. టీకాల పుస్తకం, ప్రయాణానికి పనికొస్తుందని వైద్యుడు ఇచ్చే ధ్రువపత్రం దగ్గర పెట్టుకోండి. ఒక్కటే చిక్కు. చార్టు తయారయ్యే దాకా కూపే దక్కిందో లేదో తెలియదు. అందుకని జున్ను ఎరిగిన మనిషినే, రోజూ తిప్పే అబ్బాయినో పనిచేసే ఆవిడనో, ఆ రోజులకు మీ ఇంట్లోనే ఉండేలా ముందుగా మాట్లాడి పెట్టుకోండి.